తావి ‘అబ్బడం’లో కర్త ఎవరు?

ప్రశ్న: “బంగారానికి తావి అబ్బినట్టు” అంటాం కదా. ఇక్కడ ‘అబ్బు’ ఎందుకు పడింది? ‘వచ్చినట్టు’ అంటే చాలదా? ‘అబ్బురం’తో దీనికేమైనా చుట్టరికం ఉందా? ఇంకో సందేహం: సంగీతం అబ్బింది అంటాం, తోటపని, దండ కట్టడం కూడా అబ్బుతాయా?

జవాబు: చుట్టరికం లేదు. అబ్బురం అద్భుతానికి వికృతి. అబ్బు అంటే దక్కు, అలవడు.

‘వచ్చినట్టు’ అంటే వ్యాకరణానికి లోటు లేదు, సామెతకే లోటు. ‘సంగీతం నేర్చుకున్నాను’ అంటే కర్త నేను. ‘సంగీతం నాకు అబ్బింది’ అంటే కర్త సంగీతం. నేను పక్కకు జరిగి ‘నాకు’ అయిపోయాను. “కోర్సు చేసి అబ్బించుకున్నాను” అని ఎవరైనా రాస్తే నా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

బంగారాన్నే ఎంచుకోవడంలోనూ గడుసుదనం ఉంది. వాసన ముక్కుదాకా రావాలంటే వస్తువులోంచి అణువులు గాలిలోకి లేవాలి. మామూలు వేడికి బంగారం అలా లేవదు. తాళంచెవి పట్టుకున్నాక చేతికి వచ్చే ఇనుప వాసన కూడా నిజానికి ఇనుముది కాదు, చర్మం మీది జిడ్డు ఇనుము తగిలి మారితే పుట్టేది. బంగారం ఆ జిడ్డుతో కూడా కలవదు. తావి దానికి బయటినుంచి అబ్బాల్సిందే.

పరిమళాల పనిలో ఈ క్రియ అక్షరాలా జరుగుతుంది. గులాబీని నీళ్లలో మరిగించి, ఆవిరి పట్టి అత్తరు తీయొచ్చు. మల్లెజాతి పూలు ఆ వేడికి ఆగవు. కానీ వాటికో గుణం ఉంది: కోశాక కూడా గంటల తరబడి వాసన విడుస్తూనే ఉంటాయి. అందుకని నువ్వులూ పూలూ పొరలు పొరలుగా పరుస్తారు. పూలు వాడితే తీసి కొత్తవి వేస్తారు. నువ్వులకు వాసన బాగా పట్టాక గానుగాడతారు. ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంలో ఇదే పనికి గాజు పలకల మీద వాసన లేని కొవ్వు పూసేవారు. పలకలు మారినా, నువ్వులు మారినా, జరిగేది ఒకటే: పూల పక్కన ఉన్నదానికి తావి అబ్బడం.

ఇంకొకరు: అంతా పువ్వే చేస్తే మనిషి నేర్పేముంది? ఇలాంటి పనుల్ని సంగీతంతో సమానంగా కళ అనడం అతి కాదూ?

జవాబు: అంటు కట్టేవాళ్లను చూడండి. కొమ్మను ఏటవాలుగా, ఒక్క వేటుకి నున్నగా కోయాలి. బెరడు కింద ఉండే పల్చటి పచ్చపొర, రెండో మొక్క పచ్చపొరకి సరిగ్గా ఆనాలి. అవి కలవకపోతే కట్టు ఎంత ముచ్చటగా ఉన్నా కొమ్మ ఎండిపోతుంది. కత్తి పదును, కోత నునుపు, తడి ఆరకుండా బిగించడం మనిషివి, అతుక్కోవడం మొక్కది. నేర్పంతా ఆ మొదటి సగంలోనే ఉంది, అదేమీ తక్కువ కాదు. (‘అంటు’ మొక్కలో ఉన్నదీ, ‘వాసన అంటింది’లో ఉన్నదీ ఒకే అంటు.)

కళ అనడం అతి అంటే నేను ఒప్పుకోను. కామసూత్రంలోని అరవై నాలుగు కళల పట్టిక గీతం, వాద్యం, నృత్యంతో మొదలవుతుంది. అదే వరుసలో మాల్యగ్రథనం, గంధయుక్తి, సూదిపని, వృక్షాయుర్వేదం ఉన్నాయి. అంటే దండ కట్టడం, పరిమళాలు కలపడం, చెట్లను సాకడం. వీటికి వేరే అరుగు వేయలేదు. సంగీతం అబ్బితే తోటపనీ అబ్బుతుంది. ‘తోటపని వచ్చు’ అంటే పద్ధతి తెలుసని; ‘అబ్బింది’ అంటే చెయ్యి తిరిగిందని.

మరొకరు: ‘తావి’ బదులు ‘వాసన’ అంటే?

జవాబు: అర్థం చెడదు, సొగసు తగ్గుతుంది. తావి ఎప్పుడూ మంచిదే. వాసన రెండు పక్షాలకూ చెందుతుంది, పక్కన ఏ క్రియ చేరితే అటు ఒరుగుతుంది: వాసన గుబాళిస్తే ఒకటి, వాసన కొడితే ఇంకొకటి. కంపు సంగతి మరీ చిత్రం. మన దగ్గర దాని పేరు చెడిపోయింది గానీ, కన్నడంలో కంపు అంటే ఇప్పటికీ సువాసనే.