హైతీ కుటుంబానికి ఎలా సాయపడాలి?

సిక్కోలు కుర్రోడు: టెక్సాస్‌లో మా అన్నయ్య పక్కింట్లో హైతీ వాళ్లున్నారు, ఆశ్రయం (అసైలం) కేసు నడుస్తోంది. నల్లవాళ్లని కాబట్టే వాళ్లని ఇలా తిప్పలు పెడుతున్నారంటాడు అన్నయ్య. వదినేమో "మన వీసా మనం చూసుకుందాం, వాళ్ల గొడవ మనకెందుకు" అంటోంది. ఏం చెయ్యొచ్చు?

పలాస జీడిపప్పు: ఇమిగ్రేషన్ కోర్టులో హియరింగ్ రోజు వాళ్లని కార్లో దింపి రమ్మనండి. రాకపోతే వాళ్లు లేకుండానే పంపేయమని ఆర్డరిచ్చేస్తారు, పైగా ఆ కోర్టులో సర్కారు ఖర్చుతో లాయర్‌ని ఇవ్వరు.

వంశధార: దొంగదారిన వెళ్తే ఎవరికైనా అంతే కదా, రంగు గొడవెందుకు?

పలాస జీడిపప్పు: ఎలా వచ్చినా ఆశ్రయం అడగొచ్చని అమెరికా చట్టంలోనే ఉందండి. 2021 సెప్టెంబర్‌లో టెక్సాస్ సరిహద్దులోని డెల్ రియో దగ్గర హైతీ నల్లవాళ్లని సరిహద్దు పోలీసులు గుర్రాలెక్కి తరిమిన ఫొటోలు చూడండి, అప్పటికి హైతీలో భూకంపం వచ్చి నెలే, అయినా కరోనా రూల్ చూపించి వేలమందిని విమానాలెక్కించేశారు. 2018లో మన ఎచ్చెర్ల మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కితే "హద్దు దాటారు, అంతే" అన్నామా?