బేస్ గిటార్‌కి ఫ్లాట్‌వౌండ్ తీగలు: వేయనా, వద్దా?

అందరికీ నమస్కారం. మాది వైజాగ్. రెండేళ్లుగా మా చర్చి బృందంలో బేస్ వాయిస్తున్నాను. నాలుగు తీగల గిటార్, 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు). ఇప్పుడున్నవి 45-105 మందం (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) నికెల్ రౌండ్‌వౌండ్ తీగలు, అంటే పైన గుండ్రటి తీగ చుట్టినవి.

సముద్రపు గాలి, నా చేతి చెమట కలిసి రెండు నెలలకే తీగలు మొద్దుబారిపోతున్నాయి. వాయించాక తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డంతా నల్లగా అవుతోంది. ఎవరో చెప్తే ఒకసారి తీగలు విప్పి నీళ్లలో మరిగించాను (ఇంట్లో ఆ గిన్నె మళ్లీ వంటకి ముట్టుకోలేదు లెండి). వారం రోజులు గణగణలాడాయి, తర్వాత మళ్లీ అంతే. పైగా నెమ్మది పాటల్లో వేలు జరిపినప్పుడల్లా కీచుమంటోంది. "ఆ పిల్లి ఎక్కడిది బాబూ?" అన్నారు పాస్టర్‌గారు.

అందుకే ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన పట్టీ చుట్టిన నున్నటి తీగలు) వైపు మనసు లాగుతోంది. మోటౌన్ (అమెరికా సోల్ సంగీత సంస్థ) పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఫ్లాట్‌వౌండ్ తీగలే వాడేవారు, తెగితే తప్ప మార్చేవారు కాదంటారు. కానీ నేను చూసిన సెట్ ధర నా పాత సెట్‌కి రెట్టింపు. యూత్ మీటింగుల్లో స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి వాయించడం) కూడా వాయించాలి, అక్కడ మెరుపు లేకపోతే చప్పగా ఉంటుందేమోనని భయం.

రెండూ వాడినవాళ్లు చెప్పండి: స్లాప్ బొత్తిగా పనికిరాకుండా పోతుందా? అదే 45-105లో ఫ్లాట్‌వౌండ్ వేస్తే తీగల టెన్షన్ (బిగువు) పెరిగి ట్రస్ రాడ్ (గిటార్ మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) తిప్పాల్సి వస్తుందా? లేక కోటింగ్ ఉన్న రౌండ్‌వౌండ్ తీసుకోవడమే మేలా?