నడుస్తున్న ట్రైలర్‌లో ఫ్రిజ్‌కు గ్యాస్ తెరిచి ఉంచవచ్చా, కట్టేయాలా?

డాలస్ ఇల్లాలు:

సభ్యులందరికీ నమస్కారం. గత చలికాలంలో మేము 26 అడుగుల పాత ట్రావెల్ ట్రైలర్ (బండి వెనుక లాక్కుపోయే చక్రాల ఇల్లు) ఒకటి కొనుక్కున్నాము. జూన్‌లో దానిని పికప్ ట్రక్కుకు తగిలించుకుని గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు వరకు వెళ్ళాలని అనుకుంటున్నాము. మొదటి రాత్రి అమరిల్లోలో, రెండవ రాత్రి ఆల్బకర్కీలో, మూడవ రాత్రి ఫ్లాగ్‌స్టాఫ్‌లో మజిలీ. రోజుకు ఇంచుమించు 300 నుంచి 370 మైళ్ళు పడుతుంది. మా ట్రైలర్‌లోని ఫ్రిజ్ కరెంటు మీదా పనిచేస్తుంది, ప్రొపేన్ మీదా పనిచేస్తుంది. దారిలో కరెంటు ఉండదు కాబట్టి గ్యాస్ మీద నడుపుదామని మావారు అంటున్నారు. ఊరెళ్ళేటప్పుడు తాళం వేసే ముందు "గ్యాస్ కట్టేశావా?" అని రెండుసార్లు అడిగే ఇంట్లో పెరిగిన నాకు, గంటకు 60 మైళ్ళ వేగంతో పోతున్న బండిలో మంట వెలుగుతూ ఉంటుందన్న మాటే మింగుడుపడటం లేదు. మాతో మా అత్తగారు కూడా వస్తున్నారు. ఆవిడ ఇన్సులిన్ చల్లగా ఉండాలి. ఎవరి మాట సరైనదో అనుభవమున్నవారు చెప్పగలరు.

చక్రాల ఇల్లు:

అమ్మా, మీవారి మాటతో నేను ఏకీభవిస్తాను. పదకొండేళ్ళుగా మేము ఫ్రిజ్‌ను గ్యాస్ మీదే నడుపుతూ ప్రయాణిస్తున్నాము. చాలా రాష్ట్రాలలో దీనిని నిషేధించే చట్టమేదీ లేదు. ఈ ఫ్రిజ్‌లో వెలిగే మంట వంటపొయ్యి మంటలా బయటికి కనబడేది కాదు. అది ట్రైలర్ పక్కగోడ వెనుక, గాలి తగలకుండా కట్టిన చిన్న గదిలో, బొటనవేలంత బర్నరు మీద వెలుగుతుంది. మంట ఆరిపోతే గ్యాస్‌ను ఆపివేసే ఏర్పాటు అందులోనే ఉంటుంది. గొట్టం పూర్తిగా తెగి గ్యాస్ ఒక్క ఉదుటున బయటికి వస్తే, సిలిండర్ దగ్గర బిగించే మరలోని భద్రతా పరికరం ప్రవాహాన్ని దాదాపుగా ఆపివేస్తుంది.

రెండవ వైపు ప్రమాదాన్ని కూడా చూడండి. ఒక వేసవిలో ఇలాంటి భయంతోనే గ్యాస్ కట్టేసి, కాలిఫోర్నియా సరిహద్దులోని నీడిల్స్ మీదుగా ఎడారి దాటాము. బయట ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. సాయంత్రానికి ఫ్రిజ్‌లోని పాలు విరిగిపోయాయి. కోడికూర బాగానే ఉన్నట్టు కనిపించడంతో పిల్లలకు పెట్టాము. ఆ రాత్రంతా ఇద్దరికీ వాంతులే. ఆహారం 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి రెండు గంటలకు మించి ఉండకూడదని, వాతావరణం 90 డిగ్రీలు దాటినప్పుడు ఆ గడువు గంటేనని ఇక్కడి ప్రభుత్వ ఆహార భద్రతా సూచనలలో ఉంది. జరుగుతుందో లేదో తెలియని మంటకు భయపడి, కళ్ళెదుట జరిగే ఆహార విషాన్ని తేలికగా తీసుకోవడం నాకు సమంజసంగా తోచదు.

పల్నాటి బాటసారి:

ఇల్లు గారు చెప్పిన భద్రతా పరికరం గురించి నా అనుభవం ఒకటి ఇక్కడ చెప్పడం అవసరం.

మూడేళ్ళ క్రితం పశ్చిమ టెక్సస్‌లో ఫోర్ట్ స్టాక్టన్ దాటిన తరువాత, పక్క వరుసలో వెళ్తున్న లారీ డ్రైవరు అదేపనిగా హారన్ కొట్టడంతో బండి ఆపి దిగాను. కుడివైపు వెనుక టైరు తొక్కు ఊడి, రెండడుగుల పట్టీలా వేలాడుతోంది. ట్రక్కులో కూర్చున్న నాకు కుదుపు కూడా తెలియలేదు. ఆ పట్టీ తిరిగిన ప్రతిసారీ చక్రం మీది రేకును కొరడాతో కొట్టినట్టు కొట్టి చింపింది. ఆ రేకు వెనుకగా పోయే రాగి గ్యాస్ గొట్టం నొక్కుకుపోయి, అతుకు దగ్గర వెంట్రుకవాసి పగిలింది. ఆ రోజు ఫ్రిజ్ ఖాళీగా ఉండటం వల్ల మాత్రమే ఉదయం సిలిండర్ వాల్వులు మూసి బయలుదేరాను. అంతకు ముందు రోజు వరకు తెరిచే నడిపాను.

ఇంటికి చేరాక మెకానిక్ గొట్టంలోకి తక్కువ ఒత్తిడితో గాలి పంపి, సబ్బునీళ్ళు పూసి చూపించాడు. పగులు దగ్గర ఆవగింజంత బుడగలు ఒకదాని వెనుక ఒకటిగా లేచాయి. అంత చిన్న కారుదలకు ఏ భద్రతా పరికరమూ మూసుకోదు, ఎందుకంటే పొయ్యి వెలిగించినప్పుడు పోయే గ్యాస్‌కూ దానికీ తేడా ఆ పరికరానికి తెలియదు. ప్రొపేన్ గాలికన్నా ఇంచుమించు ఒకటిన్నర రెట్లు బరువైనది కాబట్టి పైకి పోదు, నేల మీద పేరుకుంటుంది. కారుతున్న చోటికి మూడడుగుల దూరంలో ఫ్రిజ్ బర్నరు ఉంది. ఆ దూరం తలుచుకున్న తరువాత వాల్వు తెరిచి బండి నడపడానికి నాకు చెయ్యి రావడం లేదు.

చక్రాల ఇల్లు:

బాటసారి గారూ, మీ కుటుంబం క్షేమంగా బయటపడినందుకు సంతోషం. కానీ మీరు చెప్పినది టైరు చేసిన నష్టం. టైరును సమయానికి మార్చి ఉంటే గొట్టం పగిలేది కాదు కదా?

పల్నాటి బాటసారి:

నిజమే, తప్పు టైరుదే. అయితే దాని తొక్కు కొత్తదానిలా ఉందన్న సంగతి కూడా గమనించండి. ట్రైలర్ ఏడాదిలో పది నెలలు ఇంటి ముందు నిలిచే ఉంటుంది కాబట్టి టైరు అరగక ముందే రబ్బరు ఎండకు లోపల్లోపల పెళుసెక్కుతుంది. టైరు పక్కన ఉండే సంకేతంలో చివరి నాలుగంకెలు అది ఏ వారంలో, ఏ సంవత్సరంలో తయారైందో చెబుతాయి. 2318 అని ఉంటే అది 2018లో 23వ వారపు టైరు. అయిదారేళ్ళు దాటిన ట్రైలర్ టైరును తొక్కు చూసి నమ్మకూడదని నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. టైర్లను చల్లగా ఉన్నప్పుడు, అంటే బయలుదేరే ముందు, పక్కన రాసి ఉన్న పూర్తి ఒత్తిడికి గాలి నింపాలి. ట్రైలర్ టైర్లలో చాలావాటికి గంటకు 65 మైళ్ళే గరిష్ఠ వేగం. పశ్చిమ టెక్సస్ రహదారిలో 80 అని బోర్డు కనబడినా అది మన ట్రైలర్ కోసం పెట్టినది కాదు.

ఇవన్నీ చేసినా రోడ్డు మీద పడిన ఇనుపముక్క మన చేతిలో లేదు. అందుకే వాల్వు మూస్తున్నాను.

గోదావరి గట్టు:

నేను ఆర్వీల, అంటే ఇలాంటి చక్రాల ఇళ్ళ, మరమ్మతుల షాపులో ఆరేళ్ళు పనిచేశాను. గ్యాస్ స్టేషన్, అంటే పెట్రోలు బంకు, సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఈ ఫ్రిజ్‌ను "ఆటో" అన్న అమరికలో (కరెంటు లేనప్పుడు తానే గ్యాస్‌కు మారేలా) పెట్టి వదిలేస్తే, చల్లదనం తగ్గినప్పుడల్లా బర్నరు దానంతట అదే టిక్ టిక్‌మని నిప్పురవ్వలు కొట్టి వెలుగుతుంది. దాని గాలి జాలీ ట్రైలర్ పక్కగోడకు, నడుము ఎత్తులో ఉంటుంది. మీరు ట్రక్కుకు ముందు నింపుకుంటూ ఉండగా వెనుక పంపు దగ్గర వేరొకరు తమ కారుకు పెట్రోలు పట్టుకుంటూ ఉంటారు. ఆ ఆవిరి కూడా నేలబారుగానే పాకుతుంది. ప్రయాణంలో గ్యాస్ తెరిచి ఉంచాలా వద్దా అన్న దానిలో భేదాభిప్రాయాలు ఉండవచ్చు కానీ, పంపు దగ్గరికి రాకముందే ఆర్పడంలో ఉండకూడదు. ఆర్పుదామని అనుకుని మరిచిపోయినవారిని నేను చాలామందిని చూశాను. ఉదయమే ఒకసారి మూసేసినవారికి ఈ మరుపు బాధ ఉండదు.

ఇక చల్లదనం మాట. ఈ ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు. వేడి తగిలినప్పుడు అమ్మోనియా నీటి నుంచి విడిపోయి, హైడ్రోజన్‌తో కలిసి ఆవిరవుతూ లోపలి వేడిని లాగుతుంది. ఈ పద్ధతి చాలా నిదానం. ఒకసారి వేడెక్కితే మళ్ళీ చల్లబడటానికి రాత్రంతా పడుతుంది. ఇల్లు గారి కోడికూర పాడవడానికి కారణం గ్యాస్ కట్టేయడం ఒక్కటే అయి ఉండదు. బయలుదేరేనాటికి ఫ్రిజ్ పూర్తిగా చల్లబడి ఉండకపోవచ్చు. రెండు రోజుల ముందే ఇంటి కరెంటుకు తగిలించి, వస్తువులను ఇంటి ఫ్రిజ్‌లో బాగా చల్లార్చి అందులోకి మార్చి, ఖాళీ జాగాలలో గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు కూర్చి, తలుపు తీయకుండా ఉంటే అయిదారు గంటలు నెట్టుకురావచ్చు. లోపల పదిహేను డాలర్ల థర్మామీటరు పెట్టుకుంటే ఊహలతో పని ఉండదు.

చక్రాల ఇల్లు:

గట్టు గారు ఊహించినది నిజమే. ఆ రోజు ఉదయమే ఫ్రిజ్ ఆన్ చేశాము. పంపు దగ్గర ఆర్పాలన్న దానిని కూడా ఒప్పుకుంటాను. అయినా ఎడారిలో ఎనిమిది తొమ్మిది గంటల ప్రయాణమైతే సీసాల ఐసు చాలదు. అటువంటి రోజున నేను గ్యాస్ వైపే ఉంటాను.

బాల్టిమోర్ వాసి:

ఒక చిన్న మాట. మీ దారిలో సొరంగాలు లేవు కానీ తూర్పు తీరానికి వచ్చేవారు గుర్తుంచుకోవాలి. బాల్టిమోర్ రేవు కింది రెండు సొరంగాలలోకీ ఆర్వీలకు మామూలుగా ఉండే ప్రొపేన్ సిలిండర్లను అనుమతించరు, వాల్వు మూసినా సరే. ఇదివరకు అటువంటి బండ్లు కీ వంతెన మీదుగా పోయేవి. 2024 మార్చి 26న ఓడ ఢీకొని ఆ వంతెన కూలిపోయాక, 695 రహదారి పడమటి భాగం మీదుగా ఊరు చుట్టి పోవలసి వస్తోంది.

సీటెల్ కరెంటు:

గ్యాస్ వద్దనుకుంటే మూడవ దారి కూడా ఉంది. మీ ఫ్రిజ్ కరెంటు మీద సుమారు 300 నుంచి 400 వాట్లు తీసుకుంటుంది. ట్రైలర్‌లో 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ, తగిన ఇన్వర్టరు ఉంటే మూడు గంటల దాకా నడుస్తుంది. పైన సోలార్ పలకలుంటే ఇంకా ఎక్కువ. పాత సీసపు బ్యాటరీతో మాత్రం ఈ ప్రయత్నం చేయవద్దు. ట్రక్కు నుంచి వచ్చే ఏడు పిన్నుల తీగ ఇంత భారాన్ని మోయలేదు. కొత్త ట్రైలర్లలో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లు రావడానికి ఇదొక కారణం.

గోదావరి గట్టు:

ఇన్సులిన్‌ను మాత్రం, గ్యాస్ తెరిచినా మూసినా, ట్రైలర్ ఫ్రిజ్‌కు అప్పగించవద్దు. విప్పని ఇన్సులిన్ 36 నుంచి 46 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. ఈ ఫ్రిజ్‌లు ఎండలో దానికి పైకీ, చలి రాత్రులలో కిందికీ పోతాయి. ఐసు తగిలి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ట్రక్కు సాకెట్‌కు తగిలించే చిన్న కంప్రెసర్ కూలరు ఒకటి కొని, ఏసీ ఉన్న వెనుక సీటులో అత్తగారి పక్కనే పెట్టండి.

డాలస్ ఇల్లాలు:

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ నిన్న రాత్రి మావారికి చదివి వినిపించాను. బాటసారి గారి సబ్బునీళ్ళ బుడగల దగ్గర ఆయన టార్చి పట్టుకుని బయటికి వెళ్ళారు. మా గ్యాస్ గొట్టం కూడా సరిగ్గా చక్రం మీదుగానే పోతోంది.

మా మజిలీలలో అమరిల్లో ఒక్కటే ఏడు గంటల దాకా పట్టేది కాబట్టి ఆ రోజు తెల్లవారుజామున అయిదింటికే బయలుదేరి, ఎండ ముదిరేలోపే చేరుకుంటాము. వాల్వులు మూసే వెళ్తున్నాము. మాంసం తీసుకువెళ్ళడం లేదు. మొదటి రోజుకు పులిహోర, చపాతీలు, ఆ తరువాత పొడులు, పచ్చళ్ళు. పెరుగు కోసం బయట నిలవ ఉండే పాల పెట్టెలు తీసుకుని ఏ రాత్రికి ఆ రాత్రి తోడు వేసుకుంటాను. ఇన్సులిన్‌కు వేరే కూలరు తెప్పించాము. నేల దగ్గర ఉండే గ్యాస్ అలారం వెనుక చూస్తే దాని గడువు రెండేళ్ళ క్రితమే తీరిపోయింది. అది కూడా మారుస్తున్నాము.

మా టైర్ల మీద 1417 అని ఉంది. తొక్కు చూస్తే ఇప్పుడే షాపు నుంచి తెచ్చినట్టున్నాయి. శనివారం నాలుగూ మార్పించడానికి సమయం తీసుకున్నాము.