తొలి రీఫ్ ట్యాంకుకు డబ్బు ముందు దేని మీద పెట్టాలి: నీటి మీదా, లైటు మీదా?

మియాపూర్:
36×18×18 అంగుళాల గాజు ట్యాంకును తొలి రీఫ్ ట్యాంకుగా, అంటే ఉప్పునీటిలో పగడాలు, సముద్రపు చేపలు పెంచే తొట్టిగా, తీర్చిదిద్దుకోవాలని ఉంది. దుకాణంవారు రాసిచ్చిన జాబితాలో ఖరీదైన ఎల్‌ఈడీ లైటు, పెద్ద స్కిమ్మర్ (నురగతో నీటిలోని మలినాలను తీసే పరికరం) అన్నిటికంటే పైన ఉన్నాయి. నీటి సంగతి అడిగితే ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లే చాలన్నారు. విశాఖలో ఉన్న మా బావగారేమో సముద్రపు నీటినే డ్రమ్ముల్లో పంపిస్తానంటున్నారు. అన్నీ ఒకేసారి కొనే స్తోమత లేదు కనుక ముందుగా దేనికి ఖర్చు పెట్టాలో అనుభవజ్ఞులు చెప్పగలరని మనవి.

రుషికొండ:
మీ బావగారి మాట వినండి. పగడాలు పుట్టి పెరిగేదే సముద్రపు నీటిలో. దాన్ని కాదని సంచుల్లో ఉప్పు కొని కలపడం తొలి ట్యాంకుకు అనవసరమైన ఖర్చు. ఆ డబ్బుతో మంచి లైటు కొనండి. పగడం కణజాలంలో ఉండే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో తయారుచేసే ఆహారమే దానికి ప్రధాన జీవనాధారం. చవక లైటు కొన్నవారు ఏడాది తిరక్కుండా మరో లైటు కొనడం నేను చాలాసార్లు చూశాను.

నాచారం:
రుషికొండ గారు లైటు గురించి చెప్పినది నిజమే కానీ, ఆ వరుసతో నేను ఏకీభవించలేను. తొలి ట్యాంకులో ఎవరైనా మొదట పెట్టేవి జోవాంథిడ్లు, మష్రూమ్ కోరల్స్ వంటి మెత్తని పగడ జాతులు. వాటికి మధ్యస్థమైన వెలుతురు సరిపోతుంది. చెడిన నీటిని మాత్రం ఏ లైటూ బాగుచేయలేదు. అందువల్ల డీఐ గొట్టంతో (ఆర్‌ఓ దాటాక మిగిలిన లవణాలను రెజిన్‌తో పట్టేసేది) కూడిన ఆర్‌ఓ యూనిట్, టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగిన పదార్థాలను కొలిచేది), రిఫ్రాక్టోమీటర్ (లవణీయతను కొలిచేది), సముద్రపు నీరు తయారుచేసే మంచి ఉప్పు, ఈ నాలుగూ కొన్న తరువాతే మిగతా జాబితా తెరవాలని నా గట్టి అభిప్రాయం.

ఇంటి ఆర్‌ఓ ఎందుకు చాలదో వివరంగా చెబుతాను. మన ఇళ్లలో అమర్చే యంత్రాలు చాలావాటిలో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. అది శుద్ధి అయిన నీటిలో కొంత ముడి నీటిని తిరిగి కలుపుతుంది, కొన్నిటిలో ఖనిజాలు చేర్చే గొట్టం కూడా ఉంటుంది. తాగడానికి అది మంచిదే. రీఫ్ ట్యాంకులో మాత్రం ఆవిరైన నీటి స్థానంలో రోజూ మంచినీరు పోయాలి, ఆవిరయ్యేది నీరే కనుక పోసిన నీటితో వచ్చిన లవణాలన్నీ ట్యాంకులోనే మిగిలిపోతాయి. వేసవిలో రోజుకు 4 లీటర్లు ఆవిరవుతాయనుకుని, పోసే నీటి టీడీఎస్ 40 (లీటరుకు 40 మిల్లీగ్రాములు) అనుకుంటే, నెలకు దాదాపు 5 గ్రాముల అవాంఛిత పదార్థం చేరుతుంది. దానిలో సిలికేట్, నైట్రేట్ ఎంత ఉంటే గాజు మీద గోధుమ రంగు పొర, రాళ్ల మీద పాచి అంత పెరుగుతాయి. డీఐ రెజిన్ దాటిన నీటిలో మీటరు సున్నా చూపాలి. ఒకటి, రెండు కనిపించడం మొదలైతే రెజిన్ మార్చే సమయం వచ్చినట్లే.

మీ ట్యాంకు కొలతల ప్రకారం నిండుగా సుమారు 190 లీటర్లు పడుతుంది. రాళ్లు, ఇసుక పోను ఇంకా తక్కువ. మొదటిసారి 6 నుంచి 7 కిలోల ఉప్పు సరిపోతుంది. డ్రమ్ములో ముందు నీరు పోసి, పంపు తిరుగుతూ ఉండగా ఉప్పును కొద్దికొద్దిగా వేయాలి. ముందు ఉప్పు వేసి దాని మీద నీరు పోస్తే, అడుగున గాఢత మితిమీరి కాల్షియం కార్బొనేటు మడ్డిగా విడిపోతుంది, నీరు తెల్లగా మసకబారుతుంది, ఆ ఉప్పు ఇక పనికిరాదు. లవణీయత 35 (వెయ్యి భాగాలకు 35) దగ్గర, అంటే సాపేక్ష సాంద్రత 1.026 దగ్గర నిలపండి. రిఫ్రాక్టోమీటర్‌ను మంచినీటితో కాక 35 లవణీయత ఉన్న ప్రామాణిక ద్రావణంతోనే సరిచూసుకోండి.

రుషికొండ:
మా తీరంలో రొయ్యల హేచరీలన్నీ సముద్రపు నీటితోనే నడుస్తున్నాయి. రొయ్య పిల్లలంత సున్నితమైన ప్రాణులు బతికే నీటిలో మష్రూమ్ కోరల్ బతకదా?

నాచారం:
మంచి ప్రశ్న. హేచరీ వారు తోడిన నీటిని నేరుగా వాడరు. ఇసుక వడపోత పెట్టి, క్లోరిన్ వేసి, గాలి ఆడించి, మిగిలిన క్లోరిన్‌ను థయోసల్ఫేటుతో తొలగించి, లోహాలను బంధించడానికి ఈడీటీఏ వేస్తారు. అంత చేసినా పిల్లలు అక్కడ ఉండేది కొన్ని వారాలే. మన ట్యాంకులో పగడాలు ఏళ్ల తరబడి అదే నీటిలో ఉండాలి, రాగి అతి స్వల్పంగా ఉన్నా వెన్నెముక లేని జీవులకు విషమే. పైగా బంగాళాఖాతం నీరు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వానలు వెనుదిరిగే అక్టోబరు, నవంబరు నెలల్లో గంగ, బ్రహ్మపుత్ర, మహానది మోసుకొచ్చిన మంచినీరు తీరప్రవాహంతో దక్షిణానికి దిగివచ్చి, విశాఖ తీరంలో లవణీయతను బాగా తగ్గిస్తుంది. ఏప్రిల్‌లో తెచ్చిన డ్రమ్ము, నవంబరులో తెచ్చిన డ్రమ్ము ఒకటి కావు.

తార్నాక:
ఇద్దరూ రాయి సంగతి ఎత్తలేదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మార్చే నత్రజని చక్రాన్ని నడిపే బాక్టీరియా నివాసం రాయే కనుక నా దృష్టిలో అదే అసలు ఫిల్టర్. లైవ్ రాక్ (జీవులు అంటి ఉన్న సముద్రపు రాయి) తప్ప వేరేది వద్దని కొందరు చెబుతారు. కానీ సముద్రం నుంచి పెరికి తెచ్చే ఆ రాయి ఎక్కువగా పగడపు అస్థిపంజరమే. రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. చచ్చిన పగడానికీ అదే రక్షణ. మన్నార్ సింధుశాఖలో 1986లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన 21 దీవులలో రెండు ఈసరికే మునిగిపోయాయి, దానికి ఒక కారణం ఏళ్ల తరబడి సాగిన పగడపు తవ్వకం. ఎంత తక్కువ ధరకు వచ్చినా ఆ రాయిని ముట్టుకోకండి. సిరామిక్‌తో గానీ సిమెంటుతో గానీ చేసిన కృత్రిమ రాయి కొని, సిమెంటుదైతే క్షారం పోయేదాకా నానబెట్టి, అమ్మోనియం క్లోరైడుతో సైక్లింగ్ చేయండి, అంటే ఆ బాక్టీరియాను ముందుగా పెంచండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేవరకు చేపను వేయవద్దు. తొలి నెలల్లో రాయి మీద వికారమైన పొరలు వస్తాయి, ఓపిక పట్టాలి.

రుషికొండ:
రాయి విషయంలో తార్నాక గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నీటి విషయంలో, తీరానికి దూరంగా పడవలో వెళ్లి తెచ్చుకుని ప్రతి డ్రమ్మునూ పరీక్షించుకోగలిగిన మావంటివారికి నా మాట ఇప్పటికీ వర్తిస్తుందనే అనుకుంటున్నాను. అయితే హైదరాబాదుకు డ్రమ్ములు మోయించడంలో అర్థం లేదని ఒప్పుకుంటాను. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) సంగతి కూడా చెప్పండి, ఇక్కడ అది లేకుండా కుదరదు.

నాచారం:
ఊరిని బట్టి జవాబు మారేది అక్కడే. నీటి మీదకు ఫ్యాను పెడితే ఆవిరి వల్ల నీరు చల్లబడుతుంది. హైదరాబాదు ఎండాకాలపు పొడి గాలిలో రెండు మూడు డిగ్రీలు సులువుగా తగ్గుతుంది. విశాఖ ఉక్కపోతలో గాలి నిండా తేమే కనుక ఫ్యాను అంతగా పనిచేయదు, అక్కడ చిల్లర్ తప్పదు. మియాపూర్ గారు ఫ్యానుతో, ఆటో టాప్ ఆఫ్‌తో (ఆవిరైన నీటిని తనంతట తానే నింపే పరికరం) మొదలుపెట్టి, మేలో మధ్యాహ్నపు ఉష్ణోగ్రతలు రాసుకోండి. తరచూ 29 డిగ్రీలు దాటుతుంటే అప్పుడు చిల్లర్ కొనవచ్చు. వారానికి పది శాతం నీరు మారుస్తూ రెండు క్లౌన్ చేపలతో సరిపెట్టుకుంటే స్కిమ్మర్‌ను కూడా కొంతకాలం వాయిదా వేయవచ్చు. ఆ మిగిలిన డబ్బులో కొంత బ్యాటరీతో నడిచే వేవ్ మేకర్ (నీటిని కదిలించే పంపు) మీద పెట్టండి. రాత్రి కరెంటు పోయి నీటి కదలిక ఆగితే, చేపలకు ప్రాణవాయువు అందక తెల్లవారేలోగా ట్యాంకు పోవచ్చు.

మియాపూర్:
అందరికీ కృతజ్ఞతలు. మా ఆర్‌ఓ మూత తీసి చూశాను, టీడీఎస్ కంట్రోలర్ ఉంది. డీఐ గొట్టాన్ని దానికే తగిలించి కంట్రోలర్‌ను మూసివేయవచ్చా, లేక వేరే యూనిట్ తీసుకోవాలా?

నాచారం:
తాగే నీటికి, ట్యాంకుకు ఒకే యంత్రం వద్దండి. ట్యాంకు కోసం వేరే యూనిట్ తీసుకోండి. బోరు నీరు అయితే ముందు దాని టీడీఎస్ ఎంతో ఇక్కడ రాయండి. దాన్ని బట్టే డీఐ రెజిన్ ఎన్నాళ్లు వస్తుందో, ఒక గొట్టం చాలుతుందో రెండు కావాలో తేల్చగలం.