యజమానే స్వయంగా వడ్డిస్తే టిప్పు ఇవ్వాలా?

ఇర్వింగ్ వాసి:

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా ఇంటికి దగ్గరలో ఒక చిన్న టిఫిను హోటలు ఉంది. పట్టుమని పది బల్లలు కూడా ఉండవు. గుంటూరు వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు నడుపుతున్నారు. ఆవిడ లోపల పెనం దగ్గర ఉంటారు. ఆయన కౌంటరులో ఆర్డరు తీసుకుంటారు, దోసె తెచ్చి బల్ల మీద పెడతారు, "చట్నీ ఇంకొంచెం వేయమంటారా?" అని అడుగుతారు, మనం లేచాక బల్ల కూడా తనే తుడుస్తారు. శని, ఆదివారాల్లో మాత్రం గిన్నెలు కడగడానికి ఒక కుర్రవాడు వస్తాడు.

డబ్బు కట్టేటప్పుడే చిక్కంతా. ఆయన టాబ్లెట్‌ను మన వైపు తిప్పుతారు. 18, 20, 25 శాతం అని మూడు గళ్ళు కళ్ళకు కొట్టినట్టు కనిపిస్తాయి. టిప్పు వద్దు అనే మాట వాటి కింద చీమ తలకాయంత ఉంటుంది. నేను ఏదో ఒకటి నొక్కేదాకా ఆయన మర్యాదగా గోడ మీది క్యాలెండరు చూస్తారు. నేనూ ఏమీ ఆలోచించని వాడిలా ముఖం పెట్టి 20 నొక్కుతాను.

ఇన్నాళ్ళూ ఇలాగే గడిచిపోయింది. ఈమధ్య మా మామగారు తెనాలి నుంచి వచ్చారు. సహకార బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, రసీదు చదవకుండా జేబులో పెట్టుకోరు. బయటికి రాగానే మొదలుపెట్టారు: "హోటలు ఆయనదే కదా అల్లుడుగారూ. లాభం ఎలాగూ ఆయనకే పోతుంది. మళ్ళీ పైన ఈనాం ఏమిటి? సర్వరు చేతిలో పెట్టినట్టు యజమాని చేతిలో పెడితే ఆయన ఏమనుకుంటాడు?" మా ఆవిడ వాదన వేరు. కూర్చున్నాం, వడ్డించారు, ఇక్కడి పద్ధతి ప్రకారం ఇవ్వాలి, ఆ హోటలు ఎవరి పేరున ఉంటే మనకెందుకు అంటుంది. వాళ్ళిద్దరూ ఎంతసేపు వాదించుకున్నా నష్టం లేదు, కార్డు మాత్రం నా చేతిలో ఉంది.

మా ఆఫీసులో పెద్ద వయసు అమెరికన్ ఒకాయనను అడిగాను. వాళ్ళ అమ్మగారి రోజుల్లో సెలూను యజమానే జుట్టు కత్తిరిస్తే టిప్పు ఇచ్చేవారు కారట, తల రుద్దిన సహాయకురాలికే ఇచ్చేవారట. ఇప్పుడు ఆయన అందరికీ ఇస్తున్నాడు. కారణం అడిగితే "ఎవరు యజమానో కనుక్కునే ఓపిక లేక" అన్నాడు.

కాబట్టి తెలిసినవాళ్ళు చెప్పండి. యజమానికి ఇవ్వాలా? ఇస్తే ఎంత? పార్సిల్ తీసుకున్నప్పుడు కూడా ఆ గళ్ళే వస్తున్నాయి, దానికేమి చేయాలి?

లెక్కల మనిషి, ఫ్రిస్కో:

నేను చిన్న వ్యాపారాలకు పద్దులు రాస్తాను, వాటిలో హోటళ్ళు కూడా ఉన్నాయి. మర్యాద సంగతి మిగతావాళ్ళు చెబుతారు, ఆ డబ్బు ఎటు పోతుందో నేను చెబుతాను.

ఇక్కడ టిప్పు ఇంతగా పాతుకుపోవడానికి జీతాల చట్టం ఒక ముఖ్య కారణం. టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలని ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. 1991 నుంచి ఆ అంకె కదలలేదు. టిప్పులతో కలిపి గంటకు 7.25 డాలర్లు రాకపోతే ఆ తేడా యజమాని పూడ్చాలి. టెక్సస్‌లో ఇదే పద్ధతి. కాలిఫోర్నియాలో ఇలా తగ్గించి ఇవ్వడం కుదరదు, పూర్తి కనీస వేతనం ఇవ్వవలసిందే. అంటే మీ ఊళ్ళో సర్వరుకు ఇచ్చే టిప్పు చాలావరకు అతని జీతమే. మీరు చెప్పిన హోటల్లో అలాంటి సర్వరు లేడు కనుక ఆ వాదన ఇక్కడికి వర్తించదు. అంతవరకు మీ మామగారిదే పైచేయి.

ఇక యజమాని సంగతి. 2018లో చట్టం మార్చి, ఉద్యోగుల టిప్పుల్లో యజమానులూ మేనేజర్లూ చేయి పెట్టకూడదన్నారు. వ్యాపారంలో కనీసం 20 శాతం వాటా ఉండి, నిర్వహణ కూడా చూసుకునే వ్యక్తి యజమాని కిందికే వస్తాడు. అందరికీ కలిపి వేసిన టిప్పుల డబ్బాలోంచి అతను వాటా తీసుకోకూడదు. కానీ తాను ఒక్కడే చేసిన సేవకు నేరుగా తనకే ఇచ్చినది ఉంచుకోవచ్చు. మీ ఉదాహరణ సరిగ్గా అదే. మంగళవారం ఆయన ఒక్కరే తెచ్చి పెట్టిన దోసెకు మీరిచ్చే టిప్పు ఆయన తీసుకుంటే తప్పేమీ లేదు.

ఇంకొక మాట. పెద్ద గుంపుగా వెళ్తే కొన్నిచోట్ల బిల్లులోనే 18 శాతం కలిపేస్తారు. ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ దాన్ని టిప్పుగా లెక్కించదు, అది హోటలు ఆదాయం. పైగా కింద టిప్పు గడి ఖాళీగానే ఉంటుంది. చూసుకోకుండా నింపితే రెండుసార్లు ఇచ్చినట్టే.

మెస్సు వాళ్ళమ్మాయి, షార్లట్:

మా నాన్నగారు ఏలూరులో మెస్సు నడిపారు. కింద భోజనాలు, పైన మా కాపురం. వడ్డించడానికి కుర్రవాళ్ళు ఉన్నా నెయ్యి, గడ్డపెరుగు మాత్రం ఆయనే పట్టుకొచ్చేవారు. నెయ్యి గరిటె ఇంకొకరి చేతికిస్తే లెక్క తప్పుతుందని మా నానమ్మ అనేది, మర్యాద తప్పుతుందని నాన్న అనేవారు. రెండూ నిజమే అయి ఉండవచ్చు.

ఆయనకు ఎవరూ టిప్పు ఇచ్చేవారు కారు. విజయవాడ నుంచి వచ్చే మందుల కంపెనీ ప్రతినిధి ఒకాయన గ్లాసు కింద పది రూపాయలు పెట్టి లేచాడు. నాన్న ఆ నోటు తీసుకుని వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగి ఇచ్చేసి వచ్చారు. "కుర్రవాళ్ళకు ఇవ్వదలిస్తే వాళ్ళ చేతికే ఇవ్వండి, నా బల్ల మీద వదలకండి" అన్నారట. కాబట్టి మీ మామగారి మాట నాకు కొత్తగా లేదు. మా ఊళ్ళో మెస్సు యజమాని అంటే ఇంటి పెద్ద లాంటివాడు. ఆయనకు తృప్తినిచ్చేవి వేరే ఉండేవి. నెల టికెట్ల పుస్తకం డబ్బు అడగకుండా కట్టడం, కొత్తగా బదిలీ అయి వచ్చిన ఉద్యోగిని వెంటబెట్టుకుని రావడం, పులుసులో ఉప్పు ఎక్కువైతే పక్క బల్లకు వినిపించకుండా ఆయనకు మాత్రమే చెప్పడం. ఆకు మీద అన్నం వదిలేసి లేచేవాళ్ళ మీద మాత్రం ఆయనకు మహా కోపం. ముఖం మీద ఏమీ అనేవారు కాదు. మర్నాడు వాళ్ళకు అన్నం కొంచెం కొంచెంగా వడ్డించేవారు.

అయితే ఈ కథలో నాన్న గౌరవం గురించే అందరూ మాట్లాడతారు. తెల్లవారుజామున పప్పు కడిగి పొయ్యి మీద వేసింది మా అమ్మ. కూరలు తరిగింది అమ్మ, పిన్ని. వాళ్ళకు జీతం లేదు, టికెట్ల పుస్తకంలో వాటా లేదు, "భోజనం బాగుంది" అనే మాట కూడా ముందు గదిలో నాన్న దగ్గరే ఆగిపోయేది. యజమానికి ఈనాం ఏమిటని అందరూ అన్నారు, వంటింట్లో ఉన్న యజమానురాలికి ఎవరైనా ఏమైనా ఇవ్వాలేమో అని ఒక్కరూ అనలేదు. ఆ పది రూపాయలు తిప్పి పంపేముందు నాన్న అమ్మను అడిగారా అంటే, అడగలేదు.

మీ టిఫిను హోటల్లో పెనం దగ్గర నిలబడింది ఎవరో మీరే రాశారు. టాబ్లెట్ తిప్పేది ఆయన కాబట్టి మీరందరూ ఆయన గురించే వాదించుకుంటున్నారు. నన్నడిగితే ఆ 20 నొక్కండి. నొక్కినప్పుడు "ఇది దోసె వేసినావిడకు" అని పైకే అనండి. కౌంటరుకూ వంటగదికీ మధ్య కిటికీ ఉంటే ఆవిడకు నేరుగానే చెప్పండి, పెసరట్టు బాగా కాలిందని. మీ మామగారిని కూడా చెప్పమనండి. తెనాలి వారికి పెసరట్టు మీద అభిప్రాయం లేకుండా ఉండదు.

ఎడిసన్ వంటవాడు:

నేను న్యూజెర్సీలో చిన్న హోటలు యజమానిని. సూటిగా చెబుతాను, నేను ఒక్కడినే ఉన్న రోజు ఎవరైనా టిప్పు ఇస్తే తీసుకుంటాను, థాంక్స్ చెబుతాను. నాకేమీ చిన్నతనం అనిపించదు. తెరిచిన కొత్తలో అద్దె, సరుకులు, పనివాళ్ళ జీతాలు పోను నాకంటూ ఏమీ మిగిలేది కాదు. లాభం యజమానిదే అని చెప్పే పెద్దాయనకు నా నమస్కారాలు, ఆ లాభం ఎక్కడుందో ఆయనే ఒకసారి వచ్చి వెతికి పెట్టాలి.

పనివాళ్ళున్న రోజు వచ్చిన టిప్పులన్నీ వాళ్ళకే. పైన లెక్కల మనిషి చెప్పినట్టు వాళ్ళ టిప్పుల్లో నేను చేయి పెట్టకూడదన్నది చట్టం, అన్నీ వాళ్ళకే ఇవ్వడం నాకు తోచిన న్యాయం. మీ హోటల్లో శని, ఆదివారాల డబ్బు ఆ కుర్రవాడికి అందుతోందో లేదో తెలుసుకోవాలంటే అడగండి. సరిగా ఇస్తున్న యజమానికి ఆ ప్రశ్న కష్టంగా ఉండదు.

పార్సిల్‌కు టిప్పు నేను ఆశించను. ఆ గళ్ళు యంత్రంతో పాటు వచ్చినవి, డబ్బు కట్టిన ప్రతిసారీ వస్తాయి. ఇంట్లో వ్రతమని పులిహోర, బొబ్బట్లు, గారెలు ట్రేల లెక్కన చేయించుకుని, ఒక్కొక్క దాని మీద పేరు రాయించుకుని, అవి కారులోకి కూడా మోయించుకున్నారనుకోండి, అప్పుడు ఎంతో కొంత ఇవ్వడం బాగుంటుంది.

టిప్పు కంటే నాకు ఎక్కువ మిగిలే పని ఇంకొకటి ఉంది. డెలివరీ యాప్‌లో ఆర్డరు పెట్టకండి, నేరుగా హోటలుకు ఫోను చేసి వచ్చి తీసుకువెళ్ళండి. ఆ యాప్‌ల వాళ్ళు బిల్లులో 30 శాతం దాకా పట్టుకుంటారు. మీరు ఆ ఫోను చేస్తే నాకు మిగిలేది మీ 20 శాతం కంటే ఎక్కువే కావచ్చు. నోట్లు ఉంటే నోట్లు ఇవ్వండి, కార్డు మీద ఇచ్చిన టిప్పులోనూ కార్డు వాళ్ళు కొంత కోసుకుంటారు.

సాంబారు ఎన్నిసార్లయినా అడగండి, పోస్తాను. కానీ శుక్రవారం రాత్రి బయట జనం నిలబడి ఉండగా ఒక ప్లేటు ఇడ్లీ పెట్టుకుని నలుగురు రెండు గంటలు కూర్చుంటే, వాళ్ళు 25 నొక్కినా నాకు నష్టమే.

కూకట్‌పల్లి నుంచి:

ఇక్కడి సంగతి రెండు ముక్కల్లో. టిఫిన్ సెంటరులో నిలబడి తింటాం, గల్లా పెట్టె దగ్గర యజమానే ఉంటాడు, ఆయనకు టిప్పు ఇవ్వాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. ఇచ్చేది బల్లలు తుడిచేవాళ్ళకు. ఫోనుతో స్కాన్ చేసి కట్టడం మొదలయ్యాక చిల్లర పోయింది, దానితో పాటే వాళ్ళకు దక్కే పది రూపాయలూ పోయాయి. నేను బిల్లుకు మరో ఇరవై కలిపి పంపి, ఆ ఇరవై నోటు రూపంలో తీసుకుని వాళ్ళకు ఇస్తున్నాను. కొందరు యజమానులు చిరాకు పడతారు, పడనివ్వండి.

పెద్ద రెస్టారెంట్లలో గొడవ సర్వీస్ చార్జీ గురించి. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకు వెళ్ళాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. అయినా ఎక్కడైనా కనిపిస్తే తీసేయమని అడగవచ్చు. జీఎస్టీ వేరు, దాన్ని తీసేయమంటే కుదరదు.

ఇర్వింగ్ వాసి:

అందరికీ ధన్యవాదాలు. మెస్సు వాళ్ళమ్మాయి గారి జవాబు ఇంట్లో పైకి చదివి వినిపించాను. మా ఆవిడ నా వంక అదొకలా చూసింది, ఆ చూపు వంట గురించేనని అర్థమైంది కాబట్టి ఇక్కడ వివరించను.

కూర్చుని తింటే 20, పార్సిల్‌కు ఏమీ లేదు, పండగ ఆర్డరుకు విడిగా నోట్లు. ఇంతవరకు తేల్చుకున్నాం. మొన్న మామగారు కిటికీ దగ్గరికి వెళ్ళి పెసరట్టు గురించి చెప్పారు కూడా. అల్లం ఇంకాస్త పడాలని చెప్పారు. ఆవిడ నవ్వి, ఇక్కడి అల్లానికి ఘాటు తక్కువండీ అన్నారు. ఇద్దరూ తెనాలి అల్లం చట్నీ మీద కొంతసేపు మాట్లాడుకున్నారు.

అయినా మామగారు పూర్తిగా దిగిరాలేదు. రసీదు చూసి కొత్త సంగతి పట్టుకున్నారు. తిన్నది 40 డాలర్లు. 8.25 శాతం పన్నుతో 43.30 అయింది. యంత్రం 20 శాతాన్ని ఆ 43.30 మీద లెక్కవేసి 8.66 తీసుకుంది. పన్ను ప్రభుత్వానికి పోయేది కదా, దాని మీద టిప్పు ఏమిటి, 66 సెంట్లు ఎవరికి ఇచ్చినట్టు అని అడుగుతున్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఈ మాట ఆ హోటలాయనతో అంటే బాగుంటుందా?

ఎడిసన్ వంటవాడు:

అనండి. యంత్రం సెట్టింగుల్లో టిప్పు పన్నుకు ముందు లెక్కించాలా, తరువాతా అని ఎంచుకునే చోటు చాలావాటిలో ఉంటుంది. అమ్మినవాళ్ళు ఎలా పెట్టి ఇస్తే అలాగే నడిపేవాళ్ళే ఎక్కువ, ఆయనకు తెలియకపోయి ఉండవచ్చు. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు వెళ్ళండి, రద్దీ ఉండదు. మీ మామగారిని మాత్రం వెంట తీసుకువెళ్ళకండి.