బ్రానన్ స్ట్రీట్‌కు పేరొచ్చిన ఆ బ్రానన్ ఎవరు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా ఉద్యోగం శాన్ ఫ్రాన్సిస్కోలో. రోజూ కాల్‌ట్రెయిన్ దిగి బ్రానన్ స్ట్రీట్ మీదుగా నడిచి ఆఫీసుకు వెళ్తాను. ఇది ఎవరి పేరని నిన్న లంచ్‌లో అడిగితే ఒకరు "గోల్డ్ రష్‌లో (బంగారం కోసం జనం కాలిఫోర్నియాకు ఎగబడ్డ రోజుల్లో) పారలమ్మి కోట్లు గడించిన షావుకారు" అన్నారు, ఇంకొకరు "సెనేటర్" అన్నారు. ఇద్దరూ ఒకరేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (శాక్రమెంటో నుంచి):
ఇద్దరూ ఒకరేనండీ, శామ్ బ్రానన్. 1819లో మెయిన్ రాష్ట్రంలో పుట్టాడు. 1846లో రెండు వందల పైచిలుకు మార్మన్లను (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్లను) వెంటబెట్టుకుని న్యూయార్క్‌లో ఓడెక్కి, దక్షిణ అమెరికా కొస చుట్టి, ఆరు నెలలకు శాన్ ఫ్రాన్సిస్కోలో దిగాడు. ఓడలోనే ప్రింటింగ్ ప్రెస్ తెచ్చుకుని 'కాలిఫోర్నియా స్టార్' అనే పత్రిక పెట్టాడు.

కొట్టు మాత్రం మా ఊళ్లో, జాన్ సట్టర్ అనే భూస్వామి కట్టిన కోట దగ్గర. 1848 జనవరి 24న, అమెరికన్ అనే పేరున్న నది ఒడ్డున కొలోమాలో సట్టర్ కట్టిస్తున్న రంపపు మిల్లు కాలువలో బంగారం కనబడింది. సట్టర్ గుట్టుగా ఉంచాలనుకున్నాడు. కొట్టు దగ్గర గుట్టు దాగుతుందా? పనివాళ్లు సరుకులు కొని, డబ్బుకు బదులు బంగారు రజను తెచ్చి బల్లమీద పోశారు.

బ్రానన్ వెంటనే నోరు విప్పలేదు. పలుగులు, పారలు, మట్టి కడిగే ఇనుప పళ్లేలు దొరికినన్ని కొని ముందు కొట్టు నింపుకున్నాడు. ఆ తర్వాత మే నెలలో, గాజుసీసాలో రజను పట్టుకుని "బంగారం! అమెరికన్ నదిలో బంగారం!" అని శాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో కేకలేస్తూ తిరిగాడు. జూన్‌కల్లా ఊరు ఖాళీ. అచ్చువేసే మనుషులు లేక ఆయన పత్రికే ఆగిపోయింది. 20 సెంట్ల పళ్లెం 15 డాలర్లకు అమ్మాడంటారు.

ఇది చదివినప్పుడల్లా మా నాన్నగారు గుర్తొస్తారు. మాది తెనాలిలో కిరాణా కొట్టు. 1977 ఉప్పెన తర్వాత, దివిసీమకు సాయానికి వెళ్లేవాళ్లు కొవ్వొత్తులకీ అగ్గిపెట్టెలకీ అటుకులకీ తెల్లవారకముందే తలుపు తట్టేవారు. అన్నీ పాత ధరకే ఇచ్చారు నాన్న. నాకప్పుడు తొమ్మిదేళ్లు, కొవ్వొత్తులు లెక్కపెట్టి కట్టలు కట్టింది నేనే. అందుకే బ్రానన్ తెలివైనవాడంటే ఒప్పుకుంటాను, గొప్పవాడంటే మనసొప్పదు.

మరో జవాబు:
ధర సంగతి పక్కన పెట్టండి. ఉప్పెనలో కష్టపడ్డవాళ్లు వేరు, బంగారం కోసం వచ్చినవాళ్లు వేరు. నాకు మింగుడు పడనిది 1851 నాటి విజిలెన్స్ కమిటీ, అంటే నేరస్తులను తామే శిక్షిస్తామని శాన్ ఫ్రాన్సిస్కో ఊరివాళ్లు పెట్టుకున్న సంఘం. దానికి మొదటి అధ్యక్షుడు ఈయనే. ఇనప్పెట్టె ఎత్తుకెళ్లాడని జెంకిన్స్ అనే అతన్ని పట్టుకుని, కోర్టుకు అప్పగించకుండా ఆ రాత్రే ఉరితీశారు. ఆ కమిటీ చేతిలో మొత్తం నలుగురు పోయారు. అయినా 1853లో బ్రానన్ రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికయ్యాడు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్స్ అండీ. మరి అంత డబ్బూ ఏమైంది?

జవాబు (శాక్రమెంటో నుంచి):
కాలిస్టోగాలో వేడినీటి బుగ్గల దగ్గర పెద్ద రిసార్ట్ కట్టాడు. తర్వాత విడాకులు. భార్య వాటా రొక్కంగా ఇవ్వాల్సి వచ్చి భూములు అమ్ముకున్నాడు. తాగుడు కూడా తోడైంది. 1889లో ఎస్కండీడోలో చనిపోతే, పూడ్చడానికి డబ్బు కట్టేవాళ్లు లేక శవం ఏడాదికి పైగా అలాగే ఉండిపోయింది. సమాధి శాన్ డియెగోలో, మౌంట్ హోప్ శ్మశానంలో ఉంది.

ఈ వైపు వస్తే చెప్పండి, సట్టర్ కోటకు నేనే తీసుకెళ్తాను.