రైజెన్ 5 5600ఎక్స్ ఓవర్‌క్లాకింగ్: వేసవి గదిలో ఎంతవరకు క్షేమం?

ప్రశ్న: రెండర్_బెజవాడ

అందరికీ నమస్కారం. పెళ్లి వీడియోల ఎడిటింగు, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగు (తుది దృశ్యాలను కంప్యూటర్‌తో లెక్కించి తయారుచేయడం) నా వృత్తి. నా దగ్గర రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చిన వ్రెయిత్ స్టెల్త్ కూలర్ ఉన్నాయి. గదిలో ఏసీ లేదు. ఏప్రిల్ వచ్చేసరికి గది ఉష్ణోగ్రత 36 నుంచి 38 డిగ్రీలు ఉంటోంది, రెండర్ నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటుతోంది. ఓవర్‌క్లాక్ చేసి, అంటే తయారీదారు పెట్టిన వేగాన్ని మించి నడిపేలా, అన్ని కోర్లనూ (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలను) 1.4 వోల్టుల వద్ద 4.7 గిగాహెర్ట్జ్‌కు స్థిరపరిస్తే రెండర్ సమయం బాగా తగ్గుతుందని ఒక వీడియోలో చెప్పారు. ప్రాసెసర్ ఆయుష్షుకు ముప్పు లేకుండా అది సాధ్యమేనా? దానికోసం లిక్విడ్ కూలర్ కొనవలసి ఉంటుందా? ఈ యంత్రమే నాకు జీవనాధారం కనుక తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: కోర్_గణితం

ఆ వీడియోలో చెప్పిన పద్ధతి మీ గదికి, మీ కూలర్‌కు ఏమాత్రం సరిపోదండీ. కారణం లెక్కలోనే ఉంది. ప్రాసెసర్ తీసుకునే విద్యుత్తు క్లాక్ వేగంతో నేరుగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గానుపాతంలో పెరుగుతుంది. పూర్తి పనిభారంలో మీ ప్రాసెసర్ ప్రస్తుతం 1.2 వోల్టుల వద్ద 4.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తోందనుకుంటే, 1.4 వోల్టుల వద్ద 4.7కు వెళ్లినప్పుడు వేగం ఏడు శాతం పెరుగుతుంది, వేడి మాత్రం దాదాపు 45 శాతం పెరుగుతుంది. ఇప్పటికే 90 దాటిన చోట ఆ అదనపు వేడికి స్థలం లేదు. ఈ ప్రాసెసర్‌కు ఏఎండీ పెట్టిన గరిష్ఠ ఉష్ణోగ్రత 95 డిగ్రీలు.

ఇంకొక మాట. ఏ పనీ లేనప్పుడు ఈ ప్రాసెసర్లు 1.4 వోల్టులకు పైన చూపించడం సహజమే కనుక ఆ అంకె ఎప్పుడూ క్షేమమేనని చాలామంది అనుకుంటారు. ఒకటి రెండు కోర్లు క్షణకాలం పనిచేసేటప్పుడు ప్రవహించే కరెంటు తక్కువ కాబట్టి అది ఇబ్బంది కాదు. ఆరు కోర్లూ గంటల తరబడి నిండుగా పనిచేస్తుండగా అదే వోల్టేజీ పెడితే, ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి కలిసి చిప్పు లోపలి సన్నని లోహపు దారులను మెల్లగా అరగదీస్తాయి. పైగా క్లాకును చేత్తో స్థిరపరిస్తే ప్రాసెసర్ తీసుకునే విద్యుత్తుకు ఏఎండీ పెట్టిన 76 వాట్ల పరిమితి పక్కకు పోతుంది, ఒకే కోరుతో నడిచే పనులకు బూస్ట్ (అవసరాన్ని బట్టి ప్రాసెసర్ తానే వేగం పెంచుకోవడం) ఇచ్చే 4.6 గిగాహెర్ట్జ్ వెసులుబాటు కూడా పోతుంది.

మీరు చేయవలసింది వోల్టేజీని తగ్గించడం. బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూలో) బూస్ట్‌ను నియంత్రించే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌ను అడ్వాన్స్‌డ్‌లో పెట్టి, పరిమితులను పాత విలువలకే, అంటే విద్యుత్తుకు 76 వాట్లు, నిలకడ కరెంటుకు 60 ఆంపియర్లు, క్షణికంగా పెరిగే కరెంటుకు 90 ఆంపియర్లకే ఉంచండి. తరువాత ఒక్కొక్క కోరు వోల్టేజీని సవరించే కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ నెగటివ్ 10 ఇవ్వండి. ఒక్కొక్క అంకెకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. అలా మిగిలిన విద్యుత్తును ప్రాసెసర్ తానే అదనపు వేగం కోసం వాడుకుంటుంది. నిలకడగా ఉంటే 15కు, ఆపైన 20కు వెళ్లండి. నాణ్యమైన కోర్లు అప్పటికే తక్కువ వోల్టేజీతో నడుస్తుంటాయి కనుక వాటికి తగ్గింపు కొంచెం తక్కువ పెట్టాలి. ఏవి ఆ కోర్లో ఏఎండీ వారి రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్ నక్షత్రం గుర్తుతో చూపిస్తుంది.

పరీక్ష విషయంలో మాత్రం తొందరపడకండి. సినీబెంచ్ అనే వేగ పరీక్ష పది నిమిషాలు నడిచినంత మాత్రాన నిలకడ వచ్చినట్టు కాదు. ఈ పద్ధతిలో దోషాలు నిండు పనిభారంలో కంటే, ఒకే కోరు అత్యధిక బూస్ట్‌కు వెళ్లినప్పుడు ఎక్కువగా బయటపడతాయి. కోర్‌సైక్లర్ అనే సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క కోరును విడిగా పరీక్షిస్తుంది కనుక దాన్ని రాత్రంతా నడపండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ (WHEA-Logger, హార్డ్‌వేర్ దోషాల నమోదు) పేరుతో ఒక్క దోషం కనిపించినా ఆ కోరుకు ఇచ్చిన తగ్గింపును నాలుగైదు అంకెలు వెనక్కి తీసుకోండి, అంటే నెగటివ్ 20 ఉంటే నెగటివ్ 15 చేయండి. పరీక్ష పూర్తయ్యేవరకు కస్టమర్ల ఫుటేజీని ఆ యంత్రంలో ఒక్క ప్రతిగా ఉంచకండి.

సమాధానం: చల్లని_పెట్టె

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ కూలింగ్ సంగతి చెబుతాను. ఏ కూలరైనా, లిక్విడ్ కూలరైనా సరే, వేడిని గదిలోని గాలికే ఇస్తుంది, ఆ గాలి కంటే చల్లగా ప్రాసెసర్‌ను ఉంచలేదు. అందుకే విదేశీ సమీక్షల్లో 22 డిగ్రీల గదిలో తీసిన అంకెలకు, మీ 38 డిగ్రీల గదికి మధ్య ఉన్న 16 డిగ్రీలను దాదాపు యథాతథంగా కలుపుకోవాలి. అక్కడ 68 వస్తే మీకు 84 వస్తుంది. ఈ ప్రాసెసర్‌లో వేడి పుట్టే చిప్పు సుమారు 81 చదరపు మిల్లీమీటర్లే కాబట్టి, అంత చిన్న చోటు నుంచి వేడిని బయటకు లాగడమే కష్టం. కూలర్‌కు రెట్టింపు డబ్బు పెట్టినా ఫలితం రెట్టింపు కాదు. నాలుగు హీట్ పైపులు (వేడిని పైకి మోసే లోహపు గొట్టాలు), 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ 76 వాట్లకు చక్కగా సరిపోతుంది.

కూలర్ మార్చేటప్పుడు ఒక ప్రమాదం ఉంది, దీన్ని తప్పక గుర్తుంచుకోండి. మీ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిపోయిన థర్మల్ పేస్టు గట్టిగా పట్టుకుని ఉండగా కూలర్‌ను నిలువుగా లాగితే, ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడివచ్చి పిన్నులు వంగిపోవచ్చు. ముందు కాసేపు రెండర్ నడిపి వేడెక్కించి, యంత్రాన్ని ఆపి, ప్లగ్గు తీసి, మరలు విప్పాక కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేసి అప్పుడు ఎత్తండి. మరలు విప్పితే బోర్డు వెనుకనున్న బ్యాక్‌ప్లేటు జారిపోతుంది, దాన్ని చేత్తో పట్టుకోండి.

క్యాబినెట్ ముందు భాగం పూర్తిగా గాజుతో మూసి ఉంటే ఎంత మంచి కూలరైనా లోపలి వేడిగాలినే తిప్పుతుంది. ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి, వెనుక ఒకటి బయటికి పంపేలా పెట్టి, దుమ్ము ఫిల్టర్లను తరచూ శుభ్రం చేయండి. బ్లోయర్‌తో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అవి అతివేగంగా తిరిగి బేరింగు పాడవుతుంది.

రెండర్_బెజవాడ

ఇద్దరికీ కృతజ్ఞతలు. 1.4 వోల్టుల ఆలోచన మానుకున్నాను, టవర్ కూలర్ తీసుకుంటాను. మరొక సందేహం. మా వీధిలో వేసవిలో కరెంటు తరచుగా పోతుంది. బయాస్ అప్‌డేట్ చేయడం క్షేమమేనా? తగ్గించిన వోల్టేజీతో యంత్రం అసలు ఆన్ కాకపోతే ఏం చేయాలి?

సమాధానం: పాత_బోర్డు

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోయే అవకాశం ఉంది కనుక, యూపీఎస్ లేకుండా ఆ పని మొదలుపెట్టవద్దు. యంత్రం ఆన్ కాకపోతే భయపడనక్కరలేదు. ప్లగ్గు తీసి, మాన్యువల్‌లో చూపిన క్లియర్ సీమాస్ (సెట్టింగులను చెరిపే) పిన్నులను కొన్ని సెకన్లు కలిపినా, నాణెంలాంటి బ్యాటరీని కాసేపు తీసిపెట్టినా బయాస్ సెట్టింగులు మొదటి స్థితికి వస్తాయి.

ఆశలు కూడా తగిన మేరకే పెట్టుకోవాలని నా అభిప్రాయం. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఎ ప్రాసెసర్‌కు బస్ వేగాన్ని (బోర్డుకు, ప్రాసెసర్‌కు మధ్య మార్గపు వేగాన్ని) 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచితే 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 450లో నడిచేది. అప్పట్లో తయారీదారులు అంత వెసులుబాటు వదిలేవారు. ఇప్పుడు దాన్ని బూస్ట్ రూపంలో వాళ్లే వాడేస్తున్నారు కాబట్టి మీకు దక్కేది కొద్ది శాతమే. నేనైతే మే నెలలో 76 వాట్లను 65కు దించి, వర్షాలు పడ్డాక తిరిగి పెంచుతాను. రెండర్ కొద్దిగా ఆలస్యమవుతుంది కానీ మధ్యలో ఆగదు.

ఇంటెల్ 13, 14వ తరం కే శ్రేణి ప్రాసెసర్లున్నవారు ఈ చర్చ చదువుతుంటే, ఓవర్‌క్లాకింగ్ జోలికి వెళ్లేముందు బయాస్ అప్‌డేట్ చేయండి. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల ఆ చిప్పులు దెబ్బతింటున్నాయని తేలాక, 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్‌తో (ప్రాసెసర్ లోపలి పనితీరును సవరించే కోడ్) ఇంటెల్ దానికి పరిమితి పెట్టింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పును అప్‌డేట్ బాగుచేయలేదు, దానికి వారంటీలో మార్పిడి కోరడమే మార్గం.